పాత అయిదు రూపాయల బిళ్ళకు మూడు ధరలు

లక్షల బేరం ప్రకటనల్లోనే. అంగడిలో అసలు లెక్క వేరు

హైదరాబాద్: రాగికి ఒక ధర ఉంది. నికెల్‌కు ఒక ధర ఉంది. ఈ రెండూ కలిపి రేకు తీసి, సింహాల ముద్ర కొట్టిన పాత అయిదు రూపాయల బిళ్ళకు మాత్రం మూడు ధరలున్నాయి. ఒకటి ప్రభుత్వం కట్టిన ధర. రెండవది లోహం బజారు కట్టే ధర. మూడవది నాణేల సేకరణదారు ఇచ్చే ధర. ఈ మూడింటినీ కలగాపులగం చేసుకోవడం వల్లనే చిక్కులు వస్తున్నాయి.

వీటికి తోడు నాలుగో ధర ఒకటి ప్రచారంలో ఉంది. అది సెల్‌ఫోన్ ప్రకటనల్లో కనిపించే లక్షల ధర. ఇంట్లో పాత బిళ్ళ ఉంటే చాలు, అమ్మితే ఇల్లు కట్టుకోవచ్చునని ఆ ప్రకటనల సారాంశం. ఆ మాట నమ్మి, బిళ్ళ అమ్ముడుపోకముందే ఎదురు సొమ్ము కట్టి నష్టపోతున్నవారు పల్లెల్లోనూ ఉన్నారు, పట్టణాల్లోనూ ఉన్నారు. అందుచేత ఈ బిళ్ళను ఎలా గుర్తుపట్టాలి, వెల ఎలా కట్టాలి అన్నది సేకరణదారులకే కాదు, గల్లాపెట్టెలో చిల్లర పోగేసుకునే ప్రతి కిరాణా వర్తకునికీ తెలియవలసిన సంగతి.

ఏ బిళ్ళ ఇది?

అయిదు రూపాయల బిళ్ళలు ఇప్పుడు చెలామణిలో పలు రకాలున్నాయి. పాతది, మందపాటిది 1992లో వచ్చింది. బరువు 9 గ్రాములు, అడ్డకొలత 23 మిల్లీమీటర్లు. నూటికి 75 పాళ్ళు రాగి, 25 పాళ్ళు నికెల్. రాగి అంత ఉన్నా నికెల్ కలవడం వల్ల రంగు తెల్లగానే ఉంటుంది. ఒకవైపు అశోకుని సింహాలు, రెండోవైపు పెద్ద 5 అంకె, దానికి అటూ ఇటూ పూల నగిషీ. అంచు మధ్యలో సన్నని గాడి, ఆ గాడిలో గొలుసు వంటి నగిషీ ఉంటాయి. దొంగ బిళ్ళలు చేసేవారికి పని కష్టం కావాలని పెట్టిన అంచు అది.

2007లో ఇదే కొలతతో స్టెయిన్‌లెస్ స్టీలు బిళ్ళ వచ్చింది. బరువు 6 గ్రాములకు తగ్గింది. ఆ తర్వాత 2009 నుంచి పసుపు రంగు నికెల్-ఇత్తడి బిళ్ళ వచ్చింది. అదీ 6 గ్రాములే.

పసుపు బిళ్ళను కంటితోనే పోల్చవచ్చు. తెల్లవి రెండింటి మధ్య తేడా తెలియాలంటే ఒక అయస్కాంతం ముక్క చాలు. స్టీలు బిళ్ళ అతుక్కుంటుంది. రాగి-నికెల్ బిళ్ళ అతుక్కోదు. ఈ పరీక్ష అవసరం పడే చోటు ఒకటుంది. 2000 దశకం నడిమి సంవత్సరాల స్మారక బిళ్ళలు కొన్ని రెండు లోహాల్లోనూ వచ్చాయి. బొమ్మ ఒకటే, సంవత్సరం ఒకటే, లోహం వేరు. సేకరణదారుని పుస్తకంలో అవి రెండు వేర్వేరు పద్దులు. అయస్కాంతంతో అనుమానం తీరకపోతే నగల దుకాణంలోని కాటా మీద వేయించవచ్చు. 9 గ్రాములకూ 6 గ్రాములకూ పొరపాటు పడే అవకాశం లేదు.

టంకశాల గుర్తు

బిళ్ళ రకం తేలిన తర్వాత చూడవలసింది సంవత్సరం, దాని కింద ఉండే చిన్న గుర్తు. బిళ్ళ ఏ టంకశాలలో తయారైందో ఆ గుర్తు చెబుతుంది. ముంబయి టంకశాలది డైమండు గుర్తు. హైదరాబాద్‌ది నక్షత్రం. 1988లో మొదలైన నోయిడా టంకశాలది గుండ్రని చుక్క. కోల్‌కతా టంకశాల ఏ గుర్తూ వేయదు.

ఈ చివరి సంగతి తెలియక మోసపోయేవారున్నారు. సంవత్సరం కింద ఖాళీగా ఉన్న బిళ్ళను చూపి, టంకశాల గుర్తు వేయడం మరచిన అపురూపమైన నాణెమని చెప్పి అమ్మజూపుతుంటారు. గుర్తు లేకపోవడమే కోల్‌కతా గుర్తు. అటువంటివి లెక్కకు మించి ఉన్నాయి.

హైదరాబాద్ నక్షత్రం తెలుగువారికి కొత్త కాదు. నిజాం కాలం నాటి టంకశాల 1903 నుంచి సైఫాబాద్‌లో పనిచేసింది. 1950లో భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1997లో చర్లపల్లిలో కొత్త కర్మాగారం వెలిసింది. నక్షత్రం గుర్తుకు ఒక ఇబ్బంది ఉంది. బిళ్ళ చేతులు మారి అరిగేకొద్దీ నక్షత్రం మొనలు పోయి చుక్కలాగా కనిపిస్తుంది. అప్పుడు హైదరాబాద్ సరుకు నోయిడా సరుకుగా పద్దు పడుతుంది. భూతద్దం కింద పెట్టి, వెలుతురు పక్క నుంచి పడేటట్టు చూస్తే మొనల జాడ తెలుస్తుంది.

దేశంలోని టంకశాలలు చిల్లర గిరాకీ తట్టుకోలేని రోజుల్లో ప్రభుత్వం విదేశీ టంకశాలల్లోనూ నాణేలు ముద్రింపించింది. అయిదు రూపాయల బిళ్ళల్లో శతాబ్దం మారే కాలానికి చెందిన కొన్నింటిపై రష్యన్ లిపిలో మూడు చిన్న అక్షరాలు కనిపిస్తాయి. అవి మాస్కో టంకశాలవి. మామూలు సరుకుతో పోలిస్తే సేకరణదారులు వీటిని కొంచెం ఆసక్తిగా అడుగుతారు. అంతమాత్రాన వాటి వెల వేలల్లోకి పోదు.

లోహం లెక్క

ఒక్క బిళ్ళలో 6.75 గ్రాముల రాగి, 2.25 గ్రాముల నికెల్ ఉన్నాయి. నాటి బజారు ధరతో హెచ్చవేస్తే లోహం విలువ తేలుతుంది. ఉదాహరణకు కిలో రాగి రూ. 800, కిలో నికెల్ రూ. 1,400 అనుకుంటే రాగి వాటా రూ. 5.40, నికెల్ వాటా రూ. 3.15. వెరసి రూ. 8.55. అంటే అయిదు రూపాయల బిళ్ళలో ఎనిమిదిన్నర రూపాయల లోహం ఉన్నట్టు.

ఈ బిళ్ళ పుట్టినప్పుడు పరిస్థితి ఇది కాదు. 1992లో అందులోని లోహం విలువ ముఖవిలువలో కొద్ది భాగమే. తర్వాత పదిహేనేళ్ళలో లోహాల ధరలు లేచాయి. 2007 మే నెలలో లండన్ లోహపు ఎక్స్ఛేంజిలో నికెల్ టన్ను 50 వేల డాలర్లు దాటింది. రాగి 7 వేల డాలర్లకు పైన ఉంది. అప్పుడు డాలరు సుమారు రూ. 41. ఆ లెక్కన బిళ్ళలోని నికెల్ వాటాయే సుమారు రూ. 4.60, రాగి వాటా దాదాపు రూ. 1.95. మొత్తం ఆరున్నర రూపాయలు. చేతిలోని అయిదు రూపాయల కన్నా అందులోని లోహమే ఖరీదైంది. స్టీలు బిళ్ళ ఆ సంవత్సరమే రావడానికి నేపథ్యం ఈ లెక్కలో కనిపిస్తుంది.

భారతీయ నాణేలు సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లో కరిగిపోతున్నాయనీ, క్షౌరం బ్లేడ్లుగా మారుతున్నాయనీ పత్రికలకెక్కినదీ 2007లోనే. చిల్లర కొరతతో కోల్‌కతా వైపు వర్తకులు అవస్థ పడిన రోజులవి.

కరిగిస్తే నేరం

లోహం విలువ ముఖవిలువను దాటింది గదా అని బిళ్ళలను పాత సామాన్ల దుకాణానికి తూకం వేసే వీలు లేదు. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం ప్రభుత్వ నాణేలను కరిగించడం, ధ్వంసం చేయడం నేరం. ఏడేళ్ళ వరకు జైలు శిక్ష, జరిమానా పడవచ్చు. ముఖవిలువను మించిన ధరకు అమ్మే ఉద్దేశంతోనో, కరిగించే ఉద్దేశంతోనో అవసరానికి బాగా మించి నాణేలు నిల్వ చేయడాన్ని కూడా ఆ చట్టం నిషేధించింది. ఆల్బములో నాలుగు బిళ్ళలు పెట్టుకోవడం వేరు, గోనె సంచులు నింపడం వేరు.

కనుక రెండో ధర కాగితం మీది ధరే. చట్టబద్ధంగా చేతికి రాదు. మొదటి ధర మాత్రం ఎప్పుడూ ఉంటుంది. ఈ పాత బిళ్ళ ఇప్పటికీ చెల్లుతుంది. 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలను 2011 జూన్ 30తో చెలామణి నుంచి తొలగించారు గాని, అయిదు రూపాయల బిళ్ళ జోలికి ఎవరూ పోలేదు. ఎంత అరిగినా అంకె కనిపిస్తే బ్యాంకులో రూ. 5 వస్తుంది. వర్తక భాషలో చెప్పాలంటే, ధర అంతకన్నా కిందికి జారదు.

సేకరణదారు చూసేది

మూడో ధర తేల్చేవి మూడు సంగతులు: ఎన్ని ముద్రించారు, ఏ స్థితిలో ఉంది, అడిగేవారెవరు.

కోట్లలో ముద్రించిన బిళ్ళకు పాతబడినంత మాత్రాన వెల రాదు. ముప్పై ఏళ్ళ నాటిదైనా ప్రతి ఇంట్లో ఉన్నదానికి ఎవరూ ఎక్కువ ఇవ్వరు. స్మారక బిళ్ళలకూ ఇదే సూత్రం. 1994లో అంతర్జాతీయ కార్మిక సంస్థ డెబ్బై అయిదేళ్ళ సందర్భం, 1995లో ఎనిమిదవ ప్రపంచ తమిళ మహాసభ, 2001లో మహావీరుని 2600వ జయంతి, 2003లో దాదాభాయి నౌరోజీ, 2004లో లాల్ బహదూర్ శాస్త్రి శతజయంతి - ఇలా ఎన్నో బొమ్మలతో అయిదు రూపాయల బిళ్ళలు వచ్చాయి. ఇవన్నీ చెలామణి కోసం ముద్రించినవే. ప్రకటనల్లో ఎక్కువగా వినబడే వైష్ణోదేవి బిళ్ళ కూడా అంతే. 2012 సంవత్సరం వేసిన ఆ బిళ్ళలు సంతలో, బస్సులో చేతులు మారినవే. బొమ్మ మీద భక్తి ఉన్నవారు దాచుకోవచ్చు గాని, ఆ భక్తికి బజారు ధర కట్టదు.

స్థితి సంగతి వేరు. టంకశాల నుంచి వచ్చిన మెరుపు చెడకుండా, చెలామణిలోకి రాకుండా మిగిలిన బిళ్ళకు విలువ ఉంటుంది. మామూలు సంవత్సరాల సరుకైతే ఆ విలువ పదుల రూపాయల్లో ఉంటుంది. అదే బిళ్ళ జేబుల్లో తిరిగి అరిగితే మళ్ళీ అయిదు రూపాయలే. అరుగుదల తెలిసేది ఎత్తుగా ఉన్న చోట్లలో. సింహాల జూలు, పూల రేకులు, అంకె అంచులు ముందు చూడాలి. బిళ్ళను వేళ్ళతో అంచు మీద పట్టుకుని దీపం కింద మెల్లగా తిప్పితే, వాడని బిళ్ళ మీద వెలుగు చక్రంలా తిరుగుతుంది. అరిగిన బిళ్ళ మీద వెలుగు ఒకేచోట నిలిచి ఉంటుంది.

ఇవి గాక, ముంబయి టంకశాల సేకరణదారుల కోసమే నునుపైన అచ్చులతో కొట్టి, పెట్టెల్లో పెట్టి అమ్మేవి ఉన్నాయి. 1996 నుంచి అటువంటి వాటిపై ఎమ్ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. వాటి వెల మొదటి నుంచీ వేరే. పెట్టెతో, కాగితాలతో ఉంటేనే ఆ వెల నిలుస్తుంది.

తోమితే పోయేది

పాత బిళ్ళ చేతికి రాగానే ఇళ్ళలో చేసే మొదటి పని చింతపండు, ఉప్పు పెట్టి తోమడం. ఇత్తడి చెంబుకు అది మేలే గాని నాణేనికి కాదు. తోమిన బిళ్ళ తళతళ మెరుస్తుంది. కాని ఆ మెరుపు టంకశాల మెరుపు కాదని తెలిసినవారు చూడగానే చెబుతారు. సన్నని గీతలు పడి ఉంటాయి. ముప్పై రూపాయలు పలికే బిళ్ళ ఒక్క తోముడుతో అయిదు రూపాయలకు దిగుతుంది.

మట్టి ఉంటే మంచినీటిలో నానబెట్టి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దితే సరి. భద్రపరచడానికి అట్ట ఫ్రేములు మంచివి. మెత్తని పీవీసీ ప్లాస్టిక్ జేబుల్లో ఏళ్ళ తరబడి ఉంచితే రాగి కలిసిన బిళ్ళల మీద పచ్చని జిగురు తేలుతుంది.

తప్పు ముద్రలు, తప్పుడు ముద్రలు

ముద్రలో పొరపాటు జరిగిన బిళ్ళలకు మంచి గిరాకీ ఉన్న మాట నిజం. ముద్ర పక్కకు జరిగినవి, ఒకదానిపై మరొకటి రెండుసార్లు పడినవి, అచ్చు తిరిగిపోయినవి ఈ కోవలోకి వస్తాయి. అచ్చు తిరిగిందీ లేనిదీ తెలుసుకోవడం సులువు. సింహాల ముఖం నిటారుగా పట్టుకుని పుస్తకం పుట తిప్పినట్టు పక్కకు తిప్పాలి. రెండో ముఖం కూడా నిటారుగానే రావాలి. వాలుగానో తలకిందులుగానో వస్తే అచ్చు తిరిగినట్టు.

గిరాకీ ఉన్న చోటే కల్తీ ఉంటుంది. టంకశాల గుర్తును అరగదీసినవి, రెండు బిళ్ళలను చెరి సగం కోసి అతికించినవి, సుత్తితో కొట్టి తప్పు ముద్రగా చూపేవి బజారులోకి వస్తున్నాయి. అతికించిన బిళ్ళ రాతి మీద వేస్తే మోగదు, బరువులోనూ తేడా ఉంటుంది. దెబ్బ తిన్న బిళ్ళ తప్పు ముద్ర కాదు. అది పాడైన బిళ్ళ.

ఎదురు సొమ్ము అడిగితే

లక్షల ప్రకటన పనిచేసే తీరు ఇంచుమించు ఒకటే. మొదట బిళ్ళ ఫొటో పంపమంటారు. చూసి వెంటనే మెచ్చుకుంటారు. తర్వాత రిజర్వు బ్యాంకు ముద్ర ఉన్నట్టు తయారు చేసిన ఒక కాగితం వస్తుంది. రిజిస్ట్రేషను ఖర్చని కొద్ది మొత్తం కట్టమంటారు. అది కట్టగానే జీఎస్టీ అంటారు, ఆపైన కమీషన్ అంటారు. ప్రతిసారీ మొత్తం పెరుగుతుంది. బిళ్ళ మాత్రం అమ్మకందారు ఇంట్లోనే ఉంటుంది. కొనేవానికి దానితో పని లేదు గనుక.

ఇటువంటి వ్యవహారాల్లో తన పేరు వాడుకుంటున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో బహిరంగంగా హెచ్చరించింది. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాల్లో తాను పాల్గొననని, ఏ రూపంలోనూ కమీషన్ అడగనని, అడిగే అధికారం ఏ సంస్థకూ ఇవ్వలేదని స్పష్టం చేసింది. డబ్బు పుచ్చుకోవడానికి ఫోనులో రహస్య అంకె కొట్టనవసరం లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. సొమ్ము పోయిన వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేస్తే, అది చేతులు మారకముందే బ్యాంకులో ఆపించే అవకాశం ఉంటుంది.

నిజమైన ధర తెలుసుకోవాలంటే అడిగిన ధర కాదు, అమ్ముడుపోయిన ధర చూడాలి. ముంబయి, బెంగళూరు వంటి చోట్ల నాణేల వేలం నిర్వహించే సంస్థలు పాట ఎక్కడ ముగిసిందో ప్రకటిస్తాయి. దుకాణంలో అమ్మకం ధర చూసి అదే తనకు వస్తుందనుకోవడమూ పొరపాటే. యాభై రూపాయలకు అమ్మే వర్తకుడు యాభైకి కొనడు. అద్దె, వడ్డీ, నిల్వ భారం పోను తనకు మిగలాలి.

ఒక డబ్బా లెక్క

ఒక కిరాణా వర్తకుని ఇంట్లో బిస్కెట్ల డబ్బా నిండా పాత అయిదు రూపాయల బిళ్ళలు 200 ఉన్నాయనుకుందాం. ముఖవిలువ రూ. 1,000. తూకం కిలో 800 గ్రాములు. పైన చెప్పిన ధరల ప్రకారం లోహం విలువ రూ. 1,710. అది చట్టం తాళం వేసిన ధర కనుక పక్కన పెట్టాలి.

ఇక ఏరివేత. అయస్కాంతం, కాటా, భూతద్దం ముందు పెట్టుకుని ఒక పూట కూర్చుంటే 184 బిళ్ళలు అరిగిన మామూలు సరుకుగా తేలాయనుకుందాం. వాటి విలువ రూ. 920. స్మారక బిళ్ళలు 12 తేలి, ఒక్కొక్కటి పది రూపాయలకు అడిగితే రూ. 120. మెరుపు చెడనివి నాలుగు దొరికి, ముప్పయ్యేసి చొప్పున పోతే మరో రూ. 120. మొత్తం రూ. 1,160. ఒక పూట శ్రమకు నూట అరవై రూపాయల లాభం. నష్టం మాత్రం లేదు, అమ్ముడుపోని బిళ్ళ కొట్టులో చిల్లరకు పనికివస్తుంది.

అదే వర్తకుడు ఏరివేత మాని, ఫోనులో వచ్చిన లక్ష రూపాయల మాటకు రిజిస్ట్రేషను పేరిట రూ. 2,500 కట్టాడనుకుంటే, డబ్బా మొత్తం అమ్మినా ఇంకా రూ. 1,340 చేతి నుంచి పెట్టుకోవాలి.